కంచె స్తంభం దిగనంటే

పుదుచ్చేరి పట్టణంలోని ముత్తియాల్‌పేటకు సముద్రం పక్కనే. 2011 డిసెంబరు 30న థానే తుపాను, 2024 నవంబరు 30న ఫెంగల్ పుదుచ్చేరి దగ్గరే తీరం దాటాయి. ఇలాంటి చోట కంచె స్తంభాలు లోతుగా దిగాలి. ఆ పనికి పనికొచ్చే యంత్రం హైడ్రాలిక్ పోస్ట్ డ్రైవర్. ట్రాక్టరు ఆయిల్ ఒత్తిడితో బరువైన సుత్తిని పైకెత్తి, స్తంభం నెత్తిన మోదుతుంది.

సుత్తి అసలు కదలకపోతే పంపు పోయిందని కంగారు పడనక్కరలేదు. ముందు ఆయిల్ మట్టం, ఆ తర్వాత హోస్ పైపుల కప్లింగులు చూడాలి. కప్లింగ్ సగమే బిగిస్తే లోపలి వాల్వు తెరుచుకోదు.

ఆయిల్ రంగు చాలా చెబుతుంది. పాలలా తెల్లబడితే నీరు కలిసినట్టు, నురగ కడితే గాలి చొరబడినట్టు. ఎత్తిన సుత్తి దానంతటదే జారుతుంటే సిలిండరు సీలో, కంట్రోల్ వాల్వో అరిగి ఉంటుంది. పని నెమ్మదించి ఆయిల్ కాగిపోతుంటే ఫిల్టరు, రిలీఫ్ వాల్వు చూడాలి. గేజి పెట్టకుండా రిలీఫ్ వాల్వు తిప్పడం మాత్రం ప్రమాదం. ఒత్తిడి హద్దు మీరితే పైపు పగులుతుంది.

తీరంలో అసలు శత్రువు ఉప్పుగాలి. సిలిండరు రాడ్డు మీద ఒక్క తుప్పుచుక్క లేచినా, అది వచ్చీపోయే ప్రతిసారీ సీలును గీస్తుంది. రాడ్డు బాగుచేయకుండా కొత్త సీలు వేస్తే మళ్లీ కారడం ఖాయం. పని ముగియగానే రాడ్డు తుడిచి, లోపలికి ముడిచి ఉంచాలి.

మరమ్మతుకు ముందు సుత్తి నేలకు దించి, ఇంజను ఆపి, పైపుల్లో ఒత్తిడి వదిలేయండి. లీకును చేత్తో తడమకండి, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. సన్నని ధారగా ఆయిల్ చర్మంలోకి దిగితే, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.