గట్టు మీద నుంచి తీసిన ఫొటోలు

(అడవి అంచు గ్రామాల రైతుల మండల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర మీద, యూరియా మీద, పోడు పట్టాల మీద మాట్లాడేవాళ్లు ఈ సదస్సులో ఉన్నారు. మమ్మల్ని మాత్రం ఫొటోల మీద మాట్లాడమన్నారు. కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, మొదట్లో మేమూ నవ్వుకున్నాం.

మా ఊళ్లు ఖమ్మం మైదానం అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఉన్నాయి. ఒక పక్క మిర్చి, పత్తి. ఇంకో పక్క టేకు, మద్ది, ఇప్ప. మధ్యలో మా మొక్కజొన్న. కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవిపందులు దిగుతాయి. అవి తినేది కొంతే, తొక్కి పడేసేది ఎక్కువ. చేను చుట్టూ పాత చీరలు కట్టాం, డబ్బాలు కొట్టాం, టపాసులు పేల్చాం. నాలుగు రోజులు భయపడ్డాయి, అయిదో రోజు అలవాటు పడ్డాయి.

ఒక ఏడాది నష్టం రాసుకుని, అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు పోయాం. ‘పందే తిన్నదని రుజువేంటి? మీ పశువులే పడి ఉండొచ్చు కదా’ అన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఎవరం మాట్లాడుకోలేదు. ఆ రాత్రే ఫోన్లు పట్టుకుని మంచె ఎక్కాం. మా ఫొటోల పని అలా మొదలైంది.

అందులో ఎంత విసుగుందో చెప్పాలి. పంది వస్తే ఫొటో రాదు, ఫొటో తీసే వేళకు పంది ఉండదు. ఫ్లాష్ వేస్తే ముందున్న మంచు, ఆకులే తెల్లగా పడతాయి, వెనక అంతా చీకటి. జూమ్ చేస్తే పంది కాస్తా బొగ్గు బస్తా అవుతుంది. తెల్లవారుజామున మూడింటికి కునుకు పడుతుంది, సరిగ్గా అప్పుడే చేలో చప్పుడు. మొదటి నెలంతా మేల్కొని మేం తెచ్చింది రెండు వందల ఫొటోలు. వాటిలో పంది అని గుర్తుపట్టగలిగింది ఒక్కటి. అదీ వెనక భాగమే.

మనకు చేతకాక ఇలా జరుగుతోందేమో అనుకున్నాం. తర్వాత చదివితే తెలిసింది, పెద్దవాళ్ల గతీ ఇంతేనని. 2018 పులుల లెక్కకు దేశంలో 26,838 చోట్ల దానంతట అదే ఫొటో తీసే కెమెరాలు కట్టారు. వచ్చిన ఫొటోలు 3 కోట్ల 48 లక్షలు. అందులో పులులవి 76,651. అంటే ఒక్క పులి ఫొటోకు నాలుగు వందల యాభైకి పైగా ఫొటోలు. వందేళ్ల కిందట, 1920లలో, ఛాంపియన్ అనే అటవీ అధికారి ఉత్తరాది అడవుల్లో దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగలగానే కెమెరా దానంతట అదే పనిచేసేలా ఏర్పాటు చేసుకున్నాడు. ఆయన కూడా ఎన్నో రాత్రులు వట్టి చేతులతో వెనక్కి వచ్చి ఉంటాడు. ఆ లెక్కన రెండు వందలకు ఒక్కటి రావడం మరీ సిగ్గుపడాల్సింది కాదు.

ఫొటో రాని రాత్రులు కూడా వృథా పోలేదు. ఊరికే కావలి కాసినప్పుడు అరిచేవాళ్లం. ఫొటో కోసం కూర్చున్నప్పుడు నోరు మూసుకుని చూశాం. టార్చి వేస్తే దుప్పి కళ్లు మెరుస్తాయి, మన ఆవు కళ్లూ మెరుస్తాయి. కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి వాటికి ఉంటుంది. పందికి ఆ పొర లేదు, దాని కళ్లు అలా మెరవవు. తడి నేల మీద దుప్పి అడుగు రెండు గిట్టలే పడుతుంది. పంది అడుగు వెనక ఇంకో రెండు చిన్న గుర్తులు కనపడతాయి. పంది మూతితో నేలను పెళ్లగిస్తుంది. దుప్పికి పైన ముందు పళ్లుండవు, అందుకే ఆకును లాగి చింపినట్టు తింటుంది. ఈ తేడాలు మా తాతలకు తెలుసు. మేం మరిచిపోయినవి ఫోను పట్టుకున్నాక మళ్లీ నేర్చుకున్నాం.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఒకసారి పందులే అనుకుని తీసిన ఫొటోలో తేలింది మన ఊరి గేదెలు. గేదెల ఆసామి మా పక్కనే నిలబడి పందులను తిడుతున్నాడు! ఆఫీసులో అన్నమాట ఆ ఒక్క చేను విషయంలో నిజమే అయింది. ఆ ఫొటో మేం తీసేయలేదు. మనకు నచ్చిన ఫొటోలే చూపిస్తే రేపు నిజమైన ఫొటోను కూడా నమ్మరు.

మొదటిసారి తీసుకుపోయిన ఫొటోలు వెనక్కి వచ్చాయి. ‘ఇది ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఏ రోజుది?’ అన్నారు. కోపం వచ్చింది కానీ ఆ ప్రశ్నలో తప్పు లేదు. అందుకే ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. కెమెరాలో లొకేషన్ ఆన్ చేయాలి. ముందు చేను మొత్తం, తర్వాత నష్టం, చివరికి అడుగు గుర్తు తీయాలి. అడుగు పక్కన అగ్గిపెట్టె పెడితే సైజు తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోలో దాగున్న తేదీ, లొకేషన్ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపాలి, అసలుది ఫోనులో ఉంచుకోవాలి.

ఇదంతా ఎందుకంటే, అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని ఫసల్ బీమా కిందకు తెస్తామని, 2026 ఖరీఫ్ నుంచి అమలు చేస్తామని 2025 నవంబర్‌లో కేంద్రం ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోపు లొకేషన్ ఉన్న ఫొటోలను యాప్‌లో పెట్టాలి. ఏ జంతువులో రాష్ట్రం జాబితా ప్రకటించాలి. మన రాష్ట్రం 2020లో ఆ పథకం నుంచి బయటికి వచ్చిన సంగతి మీకు తెలుసు. కాబట్టి రాష్ట్రం ఆ పరిహారాన్ని మన పొలం దాకా తేవాలని, జాబితాలో అడవిపందిని, కోతిని చేర్చాలని మనం పోరాడాలి. స్మార్ట్‌ఫోన్ లేని రైతు సంగతేంటని కూడా అడగాలి. ఫొటో లేదని కౌలు రైతుకు, పోడు రైతుకు నష్టం లేకుండా పోదు.

ఇక సంతోషం సంగతి. మేం రుజువు కోసం పోయాం, ఇంకేదో తెచ్చుకున్నాం. ఒక తెల్లవారు వెలుతురులో తల్లి పంది వెనక ఒంటి మీద చారలున్న పిల్లలు వరసగా నడిచాయి. మాతో వచ్చిన అక్క ‘ఎంత ముద్దుగా ఉన్నాయో’ అంది. ఒక్క క్షణం ఆగి, ‘మన చేలోకే పోతున్నాయి’ అంది. రెండూ నిజమే. ఆ రెండింటినీ ఒకేసారి మోసేవాళ్లమే అడవి అంచు రైతులం.

పాలపిట్టను దసరా రోజు చూస్తే మంచిదని వెతుక్కుంటాం. మన రాష్ట్ర పక్షి అది. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను తీసి పెద్దది చేసి చూస్తే దాని ముక్కున మిడత ఉంది. మా చేలో మిడతే! ఏడాదికొకసారి మొక్కే పిట్ట రోజూ మాకు కూలి అడగని పని చేస్తోంది. అప్పటి నుంచి చేలో పక్షులు వాలడానికి కర్రలు పాతుతున్నాం. పసులపోలిగాడు కూడా వచ్చి వాలుతున్నాడు. గిజిగాడి గూళ్లున్న ఈత చెట్టు కొట్టాలనుకున్న ఆసామి కొడుకు తీసిన ఫొటో చూసి ఆగాడు.

తమ్ముళ్లకు ఒక మాట. సరదా హద్దు దాటకూడదు. గూటి దగ్గరికి పోయి ఫొటో తీస్తే తల్లి పిట్ట గూడు వదిలేయొచ్చు. దుప్పుల మంద ఫొటో పెట్టి చోటు చెబితే ఉచ్చులు వేసేవాడికి మనమే దారి చూపినట్టు. నష్టం ఫొటోకు లొకేషన్ కావాలి, జంతువు ఫొటోకు అది ఊళ్లో తిరగకూడదు. కిన్నెరసాని లాంటి అభయారణ్యంలో ఫొటో తీయాలంటే అనుమతి ఉండాలని 1972 వన్యప్రాణి చట్టంలోనే ఉంది. మనం మన గట్టు మీద నుంచే తీద్దాం.

చివరిగా కరెంటు తీగ గురించి. పంది మీద కోపంతో చేను చుట్టూ తీగ పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. చీకట్లో ఆ తీగకు పందీ ఒకటే, నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషీ ఒకటే. జంతువు చస్తే కేసు, మనిషి పోతే ఇల్లు కూలినట్టే. అన్నలారా, ఈ సీజన్లో ఎవరి చేను చుట్టూ కరెంటు తీగ ఉండకూడదని ఇక్కడే తీర్మానం చేద్దాం. పరిహారం అడిగే హక్కు మనకు నిలవాలంటే మన చేయి శుభ్రంగా ఉండాలి.

ప్రతి ఊరి సంఘంలో ఇద్దరు ఫొటో తీయడం నేర్చుకోండి, అందులో ఒకరు ఆడబిడ్డ కావాలి. వచ్చే నెల సమావేశానికి నష్టం ఫొటోలు తీసుకురండి. దాంతో పాటు మీకు నచ్చిన పిట్ట ఫొటో కూడా ఒకటి తేండి. నష్టం ఫొటోలు అర్జీతో పంపుదాం, పిట్ట ఫొటోలు ఆఫీసు గోడకు పెడదాం.