మీ ఫోన్ ఒక్కసారి ఛార్జ్ అవ్వాలంటే ఎంత బొగ్గు కాలాలి?

ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న ఫోన్‌ని రాత్రి ఛార్జింగ్ పెట్టే ఉంటారు. దానికి ఎంత బొగ్గు కాలిందో చిన్న లెక్క వేద్దాం. బొగ్గు ప్లాంటులో ఒక యూనిట్ కరెంటు తయారవ్వాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. ఒక యూనిట్‌తో మామూలు ఫోన్ దాదాపు 40 సార్లు ఛార్జ్ అవుతుంది. అంటే ఒక్కసారికి 15 నుంచి 20 గ్రాములు. గుప్పెడు కూడా కాదు. "ఇంతేనా!" అనుకుంటున్నారా? ఏసీ గంటసేపు వేస్తే దాదాపు కిలో.

ఇప్పుడు మన గుంటూరు కోల్డ్ స్టోరేజీలు గుర్తు తెచ్చుకోండి. రేటు లేనప్పుడు రైతు మిర్చి టిక్కీలు తీసుకెళ్లి అక్కడే పెడతాడు. కాయ రంగు తగ్గకూడదంటే మే నెల ఎండల్లో కూడా రాత్రీ పగలూ చల్లగా ఉంచాల్సిందే. గ్రిడ్‌లో అన్ని రకాల కరెంటూ కలిసే వస్తుంది గానీ, దేశంలో తయారయ్యే ప్రతి 100 యూనిట్లలో దాదాపు 70 బొగ్గువే.

మరి మన గుంటూరు, ప్రకాశం నేల కింద బొగ్గు ఎందుకు లేదు? చీమకుర్తి గ్రానైట్ చూశారుగా! అది ఎప్పుడో లోపల కరిగి గట్టిపడిన రాయి, వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. బొగ్గు అలా పుట్టదు. చెట్టూ చేమా చిత్తడి నేలలో కూరుకుపోయి, పైన ఇసుక, మట్టి పొరలు పేరుకుని, ఆ బరువుకీ వేడికీ నల్లగా మారితేనే బొగ్గు. 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందట గోదావరి లోయలో అదే జరిగింది. అప్పట్లో మనమూ, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ఒకే ఖండం. అందుకే ఆ దేశాల బొగ్గు గనుల్లోనూ, మన గనుల్లోనూ ఒకే రకం ఆకుల ముద్రలు కనిపిస్తాయి. ఆ మొక్క పేరు గ్లోసోప్టెరిస్.

గోదావరి లోయలోని ఆ బొగ్గుని 1871లో ఇల్లందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ పేరు అక్కడి ఊరిదే. ఇప్పుడు ఏడాదికి దాదాపు 7 కోట్ల టన్నులు తీస్తున్నారు. దేశం మొత్తం కలిపితే 2024-25లో 100 కోట్ల టన్నులు దాటింది. చైనా తర్వాత మనమే. ప్రపంచం తీసే బొగ్గులో సగానికి పైగా చైనాదే.

సరే, అసలు విషయానికొద్దాం. ఈ బొగ్గు ఖరీదు కరెంటు బిల్లులో మొత్తం కనపడదు.

2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి ఒక్కసారిగా నీళ్లు వచ్చేశాయి. 17 మంది కార్మికులు చనిపోయారు. డ్యూటీకని బాయిలోకి దిగినవాళ్లు ఇంటికి రాలేదు. ఇప్పుడు ఎక్కువ బొగ్గు ఓపెన్‌కాస్ట్‌లోనే తీస్తున్నారు. అందులో మనిషి భూమి లోపలికి దిగక్కర్లేదు, నిజమే. కానీ పైనున్న పొలం, కొన్నిచోట్ల ఊరికి ఊరే లేచిపోవాలి. రోజూ బ్లాస్టింగ్, దుమ్ము.

ఇక మనకి దగ్గర్లో, కృష్ణ ఒడ్డున, ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ ప్లాంటు ఉంది. 1979 నుంచి నడుస్తోంది. సింగరేణి నుంచి, ఒడిశా తాల్చేరు నుంచి రైళ్లలో బొగ్గు వస్తుంది. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ, మూడో వంతు దాకా ఉంటుంది. మూడు వ్యాగన్ల బొగ్గు వస్తే దాదాపు ఒక వ్యాగన్ బూడిద మిగులుతుందన్నమాట. కొంత ఇటుకలకీ సిమెంటుకీ పోతుంది. మిగతాది బూడిద చెరువులో ఉంటుంది. గాలి వీస్తే పక్క ఊళ్ల మీదకే.

"అయితే సోలార్ పెట్టేస్తే పోలా?" అంటారు. పగలు బాగానే ఉంటుంది. రాత్రి రెండు గంటలకి కోల్డ్ స్టోరేజీ మోటారు తిరగాలి కదా! బ్యాటరీలు, నీళ్లు పైకి తోడి నిల్వచేసే ప్రాజెక్టులు సరిపడా వచ్చేదాకా ఆ టైంలో ఎక్కువ భారం బొగ్గు మీదే. రేపు బొగ్గు తగ్గుతుంది, తగ్గాలి కూడా. అప్పుడు కొత్తగూడెం, గోదావరిఖని కుర్రాళ్లకి పనేంటి? ఆ ప్రశ్నకి జవాబు లేకుండా "బొగ్గు వద్దు" అనేయడం మనకి తేలిక, వాళ్లకి కాదు.

మన నేల మిర్చినీ పత్తినీ ఇచ్చింది, వాళ్ల నేల బొగ్గునిచ్చింది. ఎవరూ లేని గదిలో ఏసీ ఆపేటప్పుడు ఆ కిలో బొగ్గు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.