మెట్రో కింద తొక్కేవాళ్లకు ఏ సైకిల్ కంప్యూటర్?

ఈ ఎపిసోడ్ జీపీఎస్ సైకిల్ కంప్యూటర్ గురించి. ఇంగ్లిష్‌లో బైక్ కంప్యూటర్ అంటారు గానీ, మన దగ్గర బైక్ అంటే పెట్రోల్ బండి. షాపులో అలా అడిగితే ఎటెటో పంపిస్తారు!

హ్యాండిల్ మీద పెట్టుకునే చిన్న డబ్బా ఇది. స్పీడు, దూరం, రూటు చూపిస్తుంది. చిన్నవి కొన్ని వేలల్లో దొరుకుతాయి, పెద్దవి 30 వేలు దాటతాయి. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సు చేసేవాళ్లకు అది మామూలు డబ్బు కాదు. అందుకే బ్రాండ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి: మీరు తొక్కే రోడ్డు మీద తలెత్తితే ఆకాశం కనిపిస్తుందా?

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా సరిగ్గా కనిపించదు. 2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట–ఎల్‌బీ నగర్ మెట్రో మొదలైంది. రోడ్డు మధ్యలో పిల్లర్లు, పైన కాంక్రీటు, రెండు పక్కలా బిల్డింగులు. జీపీఎస్‌కి కనీసం నాలుగు శాటిలైట్లు కావాలి, అవేమో 20 వేల కిలోమీటర్ల పైన ఉన్నాయి. నేరుగా రావాల్సిన సిగ్నల్ కాంక్రీటు దగ్గర ఆగిపోతుంది, గోడకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ మీ డబ్బాకి అందుతుంది. అది 100 నానోసెకన్లు లేటైతే చాలు, లెక్కలో ఆ శాటిలైట్ 30 మీటర్లు దూరం జరిగినట్టే. మీరు రోడ్డు మీద తొక్కుతుంటారు, మీ ట్రాక్ మాత్రం పక్కన బట్టల షాపులోంచి పోతుంది.

‘మ్యాప్స్‌లో చుక్క రోడ్డు మీదే ఉంటుంది కదా బ్రో’ అంటారు. ఆ యాప్ చుక్కని తీసుకెళ్లి రోడ్డుకి అతికిస్తుంది, అంతే. రైడ్ రికార్డ్ చేసే యాప్ అలా చేయదు, వంకర గీతనే దాచుకుంటుంది. ఆ వంకరలన్నీ దూరంలో కలుస్తాయి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా మీరు కదులుతున్నట్టే రాస్తుంది.

దీనికి మందు 30 వేల డబ్బా కాదు, చక్రం హబ్‌కి కట్టే స్పీడ్ సెన్సర్. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి చుట్టుకొలతతో గుణిస్తుంది, ఆకాశంతో పనే లేదు. 700×28 టైరుకి చుట్టుకొలత సుమారు 2136 మిల్లీమీటర్లు. కొందరు దాన్ని జీపీఎస్‌నే కొలవనిస్తారు. మెట్రో కింద ఆ పని వద్దు. టైరు మీద చాక్‌పీస్‌తో గీత పెట్టి, సైకిల్ ఎక్కి కూర్చుని, ఒక్క చుట్టు దొర్లించి, టేపుతో కొలిచి మీరే టైప్ చేయండి.

కాబట్టి కొనేముందు బ్లూటూత్ గానీ యాంట్ ప్లస్ గానీ ఉందా, సెన్సర్ కలుస్తుందా అని చూడండి. పేర్లు ఒకేలా ఉంటాయి, జాగ్రత్త. ఎక్స్‌ఓఎస్‌ఎస్ జీకి సెన్సర్ కలవదు, జీ ప్లస్‌కి కలుస్తుంది.

డబ్బుంటే మల్టీబ్యాండ్ తీసుకోండి. గార్మిన్‌లో ఎడ్జ్ 530కి అది లేదు, 540కి ఉంది. మామూలు ఎల్1 సిగ్నల్‌తో పాటు ఎల్5 కూడా పట్టుకుంటుంది. గోడకి తగిలొచ్చిన సిగ్నల్‌ని ఎల్5లో గుర్తుపట్టడం తేలిక. తేడా తగ్గుతుంది, మొత్తం పోదు.

మరి ఫోన్ చాలదా? పంజాగుట్ట దాకా వెళ్లి టీ తాగి వచ్చేవాళ్లకి చాలు, ఏమీ కొనకండి. ఓఆర్‌ఆర్ పక్కన 2023లో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్‌కి వెళ్లొచ్చేవాళ్లకి కూడా చాలావరకు చాలు. కానీ 200 కిలోమీటర్ల బ్రెవే తొక్కాలనుకునేవాళ్ల లెక్క వేరు. దానికి టైమ్ లిమిట్ 13 గంటల 30 నిమిషాలు. అంతసేపు ఎండలో ఫుల్ బ్రైట్‌నెస్‌తో స్క్రీన్ వెలిగితే సాయంత్రానికి ఫోన్ చచ్చిపోతుంది. చీకట్లో, హైవే మీద టైరు పంక్చరై ఇంటికి ఫోన్ చేయాల్సింది దానితోనే. నా మటుకు డబ్బా కొనడానికి ఇదే అసలు కారణం. ఫోన్ జేబులో నిండు చార్జింగ్‌తో ఉండాలి.

రంగుల మ్యాప్ మాత్రం అందరికీ అక్కర్లేదు. రోజూ వెళ్లే రూటుకి గీత చూపిస్తే సరిపోతుంది. టచ్ స్క్రీన్ కన్నా బటన్లు నాకు నచ్చుతాయి, మన వానల్లో తడి వేళ్లతో టచ్ ఒక పట్టాన వినదు. మీ టైరు సైజు, రోజూ తొక్కే రూటు కామెంట్‌లో పెట్టండి, సెన్సర్ బిగించడం వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా.