చార్మినారుపై ఒక గంట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఏదేని పురాణ విషయమును ముచ్చటింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పురాణమును విడిచి, నిరుడు మా అమ్మాయితో కలసి చూచివచ్చిన ఒక కట్టడమును గూర్చి చెప్పదలచితిని. అది హైదరాబాదులోని చార్మినారు. దానికిని మన బీరువాలలోని పుస్తకములకును సంబంధమేమని మీరడుగవచ్చును. కొంచెము ఓపిక పట్టుడు.

మనకు విజయనగరము కోటయు, గంటస్తంభమును కన్నుల యెదుట నుండు వింతలు. ఆ కోటకు పునాది పడినది 1713లో. చార్మినారు అంతకు నూట ఇరువదిరెండేండ్లు పెద్దది. కుతుబ్ షాహీ రాజులలో ఐదవవాడగు మహమ్మద్ కులీ దానిని 1591లో కట్టించెను. మహమ్మారి శాంతించినందుకు కృతజ్ఞతగా కట్టించెనని కొందరును, హిజ్రీ వేయవ సంవత్సరమునకు గుర్తుగా కట్టించెనని మరికొందరును చెప్పుదురు. ఈతని తండ్రి ఇబ్రహీము మన సాహిత్యమునకు క్రొత్తవాడు కాడు. మన కవులు మల్కిభరాముడని కీర్తించినది ఆయననే. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. కుమారుడు స్వయముగా దక్కనీ భాషలో కవి.

విజయనగరమున రైలెక్కి, సికిందరాబాదులో దిగి, మధ్యాహ్నమునకు చార్మినారు చేరితిమి. చతురస్రముగా నిలిచిన ఆ కట్టడము ఒక్కొక్క ప్రక్క ఇరువది మీటర్లుండును. నాలుగు దిక్కులకును నాలుగు కమానులు, ఒక్కొక్క కమాను నెదుట ఒక్కొక్క రాజవీథి. మూలలందలి మీనారులు నేలనుండి దాదాపు నలువదితొమ్మిది మీటర్లు. లోపలిది నల్లరాయియు సున్నమునే. పైనున్న పూవులు, లతలు, రేకులు, జాలరులు అన్నియు గచ్చుపని. దూరమునుండి చూచువారికి రాతిలో చెక్కినట్లే తోచును. గడియారములు మాత్రము 1889లో చేర్చినవి.

మీనారులలోని చుట్టుమెట్లు పైదాక నూటనలుబదితొమ్మిది. మేము వెళ్లిన నాడు మొదటి అంతస్తు వరకే పోనిచ్చిరి. మెట్లు ఎత్తు, దారి ఇరుకు, చీకటి. ఎదురుగా ఒకరు దిగుచున్నచో గోడకానుకొని నిలువవలసినదే. కాని పైకి వచ్చి వసారాలో నిలిచినంతనే గాలియు వెలుతురును ఒక్కసారిగా ముఖమున తాకినవి. ఉత్తరమున నాలుగు కమానులు, వాని నడుమ గుల్జార్ హౌజు నీటితొట్టి. పడమట గాజుల అంగళ్లతో తళతళలాడు లాడ్ బజారు. నైరృతి దిక్కున 1694లో పూర్తియైన మక్కా మసీదు. ఆవల మేడపై మేడగా కనుచూపు మేర నగరము. క్రింద త్రోసికొని నడచిన వీథియే పైనుండి ఒక పటమువలె కనబడెను.

ఇక నేను చెప్పవలసిన అసలు మాట. పందొమ్మిదేండ్ల ప్రాయమున మిత్రులతో తొలిసారి అక్కడికి పోయి, తాళపుచెవితో అక్కడి గోడమీద నా పేరు గీకితిని. కావ్యములు చదువ మొదలిడిన గర్వమున ముత్యములవంటి అక్షరములతో గీకితినని అప్పుడు మురిసితిని. నిరుడు ఆ చోటనే వెదకితిని. అక్కడ సున్నపు పూత నున్నగా ఉన్నది. నా పేరు లేదు. ప్రక్కన ఎవరెవరివో పేర్లు గీకియుండుట చూచి అమ్మాయి, "నాన్నగారూ, వీళ్లంతా ఎవరు?" అని అడిగెను. నేను సిగ్గుతో నా సంగతి చెప్పితిని. ఆమె కొంచెముసేపు ఊరకుండి, "మీ పేరు ఎవరో చెరిపీసేరు కదా, ఆయన పేరేంటి?" అన్నది.

నేను సమాధానము చెప్పలేకపోతిని. ఆ ప్రశ్న నన్ను నేటికిని విడువలేదు.

నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను గనుక నా బుద్ధి లెక్కలవైపే పోయినది. కట్టుబడి ఖర్చు ఒకసారి వ్రాసి మూయవచ్చును. మరమ్మతు పద్దు మాత్రము ఎన్నటికిని మూయరాదు. మొగలాయీల కాలమున పిడుగుపడి ఒక మీనారు కూలగా 60,000 రూపాయలు వెచ్చించి నిలిపిరి. 1824లో లక్ష రూపాయలతో మరల గచ్చు చేయించిరి. 2019 మే నెలలో ఒక మీనారునుండి గచ్చుపెచ్చు ఊడిపడగా పురావస్తు శాఖవారు తిరిగి బాగుచేసిరి. కట్టించిన రాజు పేరు బడిపిల్లలకును తెలియును. నాలుగు వందల యేండ్లుగా సున్నము నూరి, పూత పూసి, దానిని మనకందించిన చేతుల పేర్లు ఎవరికి తెలియును? వారు లేనిదే నేడు చూచుటకు చార్మినారు లేదు.

తాళపత్ర గ్రంథముల గతియు అంతియే. కవి ఒకసారి వ్రాసెను. ఆకు పురుగుపట్టకమునుపే మరియొకరు ప్రతి వ్రాయుటచేతనే ఆ కావ్యము మనదాక వచ్చినది.

మన గ్రంథాలయమునకు రండు. అట్టలూడిన భారత సంపుటములున్నవి. నడుమ పుటలు చినిగిన నవలలున్నవి. అంచులలో పాఠకులు తమ పేర్లు వ్రాసికొన్న పుస్తకములును లేకపోలేదు. వారిని నిందించు అర్హత నాకు లేదు. ఈ రజతోత్సవ సందర్భమున దాతల పేర్లతో చలువరాతి ఫలకము పెట్టింపవలెనని కొందరు పెద్దలు తలచుచున్నారు. వారి సదుద్దేశమునకు నమస్కారము. అయినను ఆ ఫలకమునకగు సొమ్మును పుస్తకముల బైండు ఖర్చునకు మార్చుడని ఈ సభాముఖమున వేడుచున్నాను. నా వంతు చందా అందులకే ఇచ్చుచున్నాను. రసీదు చాలును, రాతిమీద పేరు వలదు. ఒకచోట గీకిన పేరునకు ఇంతకాలమునకైన పరిహారము చెల్లింపనిండు.

ఇరువదియైదేండ్ల క్రిందట దీనిని స్థాపించినవారు తమ పని చేసిరి. ఇకమీదట పని మనది.