కారణము తెలియని మూర్ఛ

నేను వైద్యుడను కాను. ఉక్కు కర్మాగారమున పనిచేయువాడను, కాపురము ఉక్కునగరములోనే. నాలుగేండ్లు నిండవచ్చిన ఒక ఆడబిడ్డకు తండ్రిని. ఆ బిడ్డకు వచ్చు మూర్ఛలను గుఱించియు, వానితో మా యింటిల్లిపాదియు వేగుచున్న విధమును గుఱించియు కొన్ని మాటలు మనవి చేసెదను.

మొదటి మూర్ఛ వచ్చునప్పటికి బిడ్డకు పందొమ్మిది మాసములు. నేను సి షిఫ్టు ముగించుకొని ఉదయమున ఇల్లు చేరితిని. బిడ్డ పాలగ్లాసుతో గుమ్మముకడకు ఎదురువచ్చెను. గ్లాసు జారెను. కన్నులు ఒక ప్రక్కకు తిరిగిపోయెను. శరీరము కొయ్యవలె బిగిసి, పిమ్మట కాలుసేతులు కొట్టుకొనసాగెను. పెదవులు నీలవర్ణమయ్యెను. అది అరగంట జరిగినదని నాకు తోచినది. గోడగడియారము చూచిన నా భార్య రెండు నిమిషములనెను.

ఆ రెండు నిమిషములలోనే మా అమ్మ బీరువా తాళపుచెవులు తెచ్చి బిడ్డ పిడికిట నుంచెను. పొరుగింటామె ఉల్లిపాయ చితుకగొట్టి ముక్కుకడ పట్టెను. మూర్ఛ దిగెను. ఇనుము మహిమ యని అందఱు ననిరి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేళ్లు పెట్టుకొన్న మూడు బ్లాస్టు ఫర్నేసులు గల యూరిలో ఇనుమునకేమి కొదువ? ఇనుమే మందైనచో మా నగరమున నొక్క బిడ్డకును మూర్ఛ రారాదు. మూర్ఛలలో చాలభాగము రెండు మూడు నిమిషములలో వానంతటవే ఆగిపోవును. ఆ సమయమునకు చేతిలో నేది యున్న దానికి కీర్తి దక్కును.

ఆరు మాసములు మొదలు అయిదేండ్ల వఱకు గల పిల్లలలో నూటికి ఇద్దఱు మొదలు అయిదుగురికి జ్వరముతో ఫిట్స్ వచ్చుట కలదు. వారిలో పెక్కుమందికి వయసుతో అవి పోవును. మేమును జ్వరమే యనుకొనగోరితిమి. కాని బిడ్డ ఒడలు చల్లగా నుండెను. మూడు వారములకు రెండవ మూర్ఛ వచ్చెను. ఏ ప్రేరణయు లేకుండ, ఇరువదినాలుగు గంటలకు మించిన యెడముతో రెండు మూర్ఛలు వచ్చినచో దానిని అపస్మార వ్యాధిగా నెంచుదురని డాక్టరుగారు చెప్పిరి.

పిమ్మట పరీక్షలు. బెర్జరు అను జర్మను వైద్యుడు 1924లో మొట్టమొదట మనుష్యుని మెదడులోని విద్యుత్తరంగములను గీయించెనట. ఆ పరీక్షకై బిడ్డను అర్ధరాత్రి దాటువఱకు మేలుకొలిపి, మఱునాడు తలనిండ తీగలంటించి నిద్రబుచ్చితిమి. నిద్రపుచ్చుటకు నా భార్య పాడిన జోలపాటకు అక్కడి పనివారును ఆవులించిరి. పటము నిర్దోషము. (నిర్దోషమైనంతమాత్రమున వ్యాధి లేదని కాదని తరువాత తెలిసికొంటిని.) మన దేశమున బద్దెపురుగు గ్రుడ్లు మెదడులో తిత్తులు కట్టుట మూర్ఛకొక ముఖ్యకారణము, ఎమ్మారై పటములో అదియు లేదు. తలంటునాడు వేడినీరు తలపై గ్రుమ్మరించునప్పుడు వచ్చుచున్నదా యని డాక్టరుగారడిగిరి. అట్టి మూర్ఛ యొకటి కలదట. బెంగుళూరు ప్రాంతపు వైద్యులు దానిని విశేషముగా పరిశీలించిరి. మా బిడ్డకు అదియు కాదు.

"కారణము తెలియదు" అని వారు స్పష్టముగా చెప్పిరి. లోకమునగల మూర్ఛరోగులు సుమారు అయిదు కోట్లనియు, వారిలో సగముమందికి కారణము తెలియదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ లెక్క నాకు కొంత యూరట నిచ్చెను. నా భార్యకు ఈయలేదు. కారణము లేని చోటు ఖాళీగా నుండనేరదు. చూడవచ్చిన ప్రతివారును అందొకటి చేర్చిరి. గ్రహణమునాడు బయటికి వచ్చితివా, చింతచెట్టు క్రింద నడచితివా, ఎవరి దిష్టియో కదా — అన్నియు తల్లినే అడిగిరి. నన్నొక్కరును ఏమియు నడుగలేదు.

మా అమ్మ చాటునకు పిలిచి, "బాబూ, ఆడపిల్లరా. ఈ మాట గడప దాటనీయకు" అనెను. నేను సరే యంటిని. అది నేను చేసిన తప్పు.

ఒకనాటి సాయంకాలము బిడ్డ క్రింది యింట ఆడుకొనుచుండ మూర్ఛ వచ్చెను. ఆ యిల్లాలికి మేమేమియు చెప్పియుండలేదు. నాలుక కొఱుకుకొనునను భయముతో ఆమె పండ్లనడుమ చెంచా దూర్చెను. ముందుపన్ను విరిగి నెత్తురు కారెను. మేము పోవునప్పటికి బిడ్డ తేరుకొనెను. ఆమె మాత్రము గోడనానుకొని వణకుచుండెను. ఆమె తప్పేమున్నది? గడప దాటనీయని మాట మా బిడ్డ పన్నును విఱుగగొట్టినది.

ఆ రాత్రియే వాటాలన్నింటి తలుపులు తట్టి చెప్పితిని. మూర్ఛ వచ్చినప్పుడు పట్టి అదుమవలదు. దగ్గఱనున్న గట్టి వస్తువులను తొలగించి, బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. చొంగ వెలికి కాఱిపోవును. నోటిలో చెంచాగాని, నీరుగాని, మందుగాని పెట్టరాదు. గడియారము చూడవలెను. అయిదు నిమిషములు దాటినను, తెలివిరాకుండ మఱల వచ్చినను ఆసుపత్రికి కొనిపోవలెను. డాక్టరుగారు వ్రాసియిచ్చిన మిడజోలాం అను ముక్కులో చిమ్ము మందు మా సంచిలో ఎప్పుడును ఉండును. వీలున్నవారు ఫోనుతో చిత్రము తీయవలెను. మొదట నాకది కఠినముగా తోచెను. కాని మేమెంత వర్ణించినను గ్రహింపని సంగతిని డాక్టరుగారు అఱనిమిషపు చిత్రములో గ్రహించిరి.

పెండ్లిమాట యందురా, మూర్ఛవ్యాధి కలవారి వివాహమునకు హిందూ వివాహ చట్టమున నుండిన అభ్యంతరమును 1999లో తొలగించిరి. మా అమ్మకు ఈ సంగతి చదివి వినిపించితిని. "చట్టము సంబంధము తెచ్చునా?" అనెను. దానికి నాయొద్ద సమాధానము లేదు.

ఇక మందు. లెవిటిరాసిటమ్ అను ద్రవౌషధమును ఉదయసాయంకాలములు సూదిలేని సిరంజితో కొలిచి పోయుదుము. దానివలన బిడ్డకు మొదటి మాసము పెంకితనము హెచ్చినది. డాక్టరుగారు మోతాదు సవరించిరి. సంక్రాంతికి ఊరికి పోవుచు సీసా మఱచితిమి. రెండు దినములు మందు లేదు. భోగినాడు మంటయొద్దనే మూర్ఛ వచ్చెను. నాటినుండి సీసాలు రెండు.

ఆ భోగి గడచి ఎనిమిది మాసములైనది. మఱల రాలేదు. రెండేండ్లు ఇట్లే గడచినచో మందు క్రమముగా తగ్గించు విషయము ఆలోచింతమని డాక్టరుగారనిరి. కారణము నేటికిని తెలియదు. బిడ్డ తన బొమ్మకు సిరంజితో నీళ్లు పట్టి, "ప్రక్కకు తిప్పండి, నోట్లో ఏమీ పెట్టకండి" అని క్రింది యింటి పిల్లలను గదమాయించుచున్నది. మా అమ్మ రాత్రులందు బీరువా తాళపుచెవులు దాని తలగడక్రింద నుంచును. నేను తీసివేయుట లేదు. వానివలన హాని యేమియు లేదు.