ఏడో వారం దాకా అందరూ ఒక్కటే
(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పొద్దుటి నుంచి పొదుపులు, అప్పుల లెక్కలు విన్నారు. నేను చెప్పబోయేది ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి. ఇందులో సిగ్గుపడితే పసిబిడ్డల ప్రాణం మీదికి వస్తుంది.

ఆడపిల్ల పుడితే కోడల్ని అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తల్లి అండంలో ఉండేది ఎక్స్ క్రోమోజోమే. తండ్రి వీర్యకణాల్లో కొన్నిటిలో ఎక్స్, కొన్నిటిలో వై ఉంటుంది. వై ఉన్న కణం కలిస్తే మగ, ఎక్స్ ఉన్నది కలిస్తే ఆడ. ఇది మనలో చాలామంది విన్నదే. ఆ తర్వాత కడుపులో ఏం జరుగుతుందన్నదే ఎవరూ చెప్పరు.

గర్భం నిలిచాక సుమారు ఆరు వారాల దాకా పిండం అవయవాలను చూసి ఆడో మగో చెప్పలేం. ప్రతి పిండంలోనూ రెండు గ్రంథుల మొలకలు, వాటి పక్కన రెండు జతల సన్నటి గొట్టాలు ఉంటాయి. ఒక జత ఆడకు, ఒక జత మగకు. అంటే గర్భసంచి కావాల్సిన గొట్టాలు మన కొడుకులకూ కొన్నాళ్లు ఉన్నాయన్నమాట! ఏడో వారంలో వై క్రోమోజోము మీది ఒక జన్యువు వల్ల ఆ మొలకలు వృషణాలుగా మారతాయి. ఆ జన్యువును 1990లో లండన్‌లో కనుక్కున్నారు. వృషణాల నుంచి వచ్చే ఒక హార్మోను ఆడ గొట్టాలను కరిగించేస్తుంది. ఇంకోటి, టెస్టోస్టిరాన్, మగ గొట్టాలను నిలబెట్టి వీర్యనాళాలుగా చేస్తుంది. ఈ రెండూ లేకపోతే మగ గొట్టాలు కరిగిపోతాయి. ఆడ గొట్టాల కింది భాగాలు కలిసి గర్భసంచి అవుతుంది, పై భాగాలు ట్యూబులుగా మిగులుతాయి. కు.ని. ఆపరేషన్‌లో మనకు కట్టేది ఈ ట్యూబులనే. మగవాళ్లకు చేస్తే కత్తిరించేది ఆ రెండో జతను. ఆపరేషన్ వంతు ఎప్పుడూ మనకే ఎందుకొస్తుందో ఇంకో మీటింగులో మాట్లాడుకుందాం.

బయటి భాగాలూ అంతే. ఒకే చిన్న బుడిపె మగబిడ్డకు పురుషాంగం అవుతుంది, ఆడబిడ్డకు చిన్న మొగ్గలా ఉండిపోతుంది. పక్కనున్న మడతలు ఆడబిడ్డకు విడివిడిగా ఉంటాయి, మగబిడ్డకు అతుక్కుని వృషణాల సంచి అవుతాయి. మగపిల్లాడికి నీళ్లు పోసేటప్పుడు చూడండి, సంచి మధ్యలో కుట్టులాంటి గీత ఉంటుంది. అదే ఆ అతుకు.

ఇన్ని మెట్లున్న పనిలో ఒక్కోసారి ఒక మెట్టు తప్పుతుంది. పుట్టిన బిడ్డ ఆడో మగో తేలదు. శాపమంటారు, గ్రహణమంటారు, తల్లినే అంటారు. కొందరు ఆడపిల్లలకు అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో లోపం ఉంటుంది. లోపల గర్భసంచి, అండాశయాలు మామూలుగానే ఉన్నా బయటికి మగబిడ్డలా కనిపిస్తారు. వీళ్లలో చాలామందికి ఒంట్లో ఉప్పు మూత్రంలో పోతుంది. రెండు మూడు వారాల్లోపే వాంతులు, పాలు పట్టకపోవడం, సోలిపోవడం, ఆపైన ప్రాణాపాయం. మగపిల్లలకూ ఈ జబ్బు వస్తుంది, పైకి మాత్రం తెలియదు. నాటుమందు పోస్తూ కూర్చుంటే బిడ్డ దక్కదు. రోజూ మాత్రలు వేస్తే అందరిలాగే బడికి వెళ్తుంది, పెద్దమనిషవుతుంది.

అందుకే అనుమానం వస్తే దాచకుండా అదే రోజు ఏఎన్ఎంకు చెప్పి, పిల్లల డాక్టరున్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. పైరూపం సరిచేసే ఆపరేషన్‌కు మాత్రం తొందరపడొద్దు. పసివాళ్లకు అలాంటివి చేయకూడదని మద్రాసు హైకోర్టు 2019లో చెప్పింది. మగబిడ్డకు ఆరు నెలలు వచ్చినా వృషణం సంచిలోకి దిగకపోతే చూపించండి. పదిహేనేళ్లు నిండినా పెద్దమనిషి కాని అమ్మాయికి స్కానింగ్ తీయించండి. కొందరికి ఆ గొట్టాలు సరిగా ఎదగక గర్భసంచే ఉండదు. పెళ్లయ్యాక తెలిస్తే ఆ పిల్ల ఎన్ని మాటలు పడాలో మీకు చెప్పక్కర్లేదు.

ఇలాంటి బిడ్డ పుట్టిన ఇంటికి సంఘం నుంచి ఇద్దరే వెళ్లండి, గుంపుగా వద్దు. ఆసుపత్రి చార్జీలు ఆ పూటే ఇప్పించండి. తీర్మానం తర్వాత రాసుకోవచ్చు.