అంకెను చూచువారెవరు?

(బోరబండ సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



దీర్ఘవ్యాధులను దూరమునుండియే కనిపెట్టు యంత్రములను గూర్చి మాటలాడుమని కమిటీ పెద్దలు మమ్మును కోరినారు. మేము వైద్యులము కాము. కాని వారములో నాలుగు దినములు రోగుల గడపలు ఎక్కువారము గనుక, ఆ యంత్రములు మంచము ప్రక్కకు వచ్చిన తరువాత ఏమగుచున్నదో కొంత చూచుచున్నాము.

మన బోరబండలో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి లింగంపల్లి వైపు పోయినచో మరుసటి స్టేషను హైటెక్ సిటీ. దేశ విదేశముల ఆసుపత్రులకు కావలసిన కంప్యూటరు ప్రోగ్రాములు అచట తయారగుచున్నవి. మన బిడ్డలలో కొందరు ఆ మేడలలో కంప్యూటరు ముందు కూర్చుందురు; ఎక్కువమంది కాపలా, క్యాబు, వంట, ఊడ్పు పనులకు పోవుదురు. వారి తల్లిదండ్రులు షుగరుతోను, బి.పి.తోను ఇంట నుందురు. 2023లో వెలువడిన ఒక పెద్ద సర్వే ప్రకారము మన దేశములో 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము, 31 కోట్ల 50 లక్షలమందికి రక్తపోటు ఉన్నవి. మన సంఘములో ఈ రెండును లేని కుటుంబమును వెదకుట కష్టము.

ఈ జబ్బులు ఒకనాడు ఆసుపత్రికి పోయి వచ్చినంత మాత్రమున తీరునవి కావు. మూడు నెలలకొకసారి డాక్టరుగారు చూచునది అయిదు నిమిషములు. తక్కిన దినములన్నియు రోగి తన వంటింటిలోనే గడుపును. పూర్వము ఇట్టి దీర్ఘవ్యాధికి రోగియే ఇల్లు విడువవలసి యుండెను. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మిషనువారి కుష్ఠు ఆశ్రమము తెరవబడినది. డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు అచట సేవ చేసినారు. సూదిమందు చాలకాలము ఇయ్యవలసి యుండుటచేత రోగులు అక్కడనే కాపురముండిరి. నేడు రోగి ఇంటనుండగా అతని అంకె మాత్రమే డాక్టరునొద్దకు పోవుచున్నది. 2000 సంవత్సరము మార్చి 24న చిత్తూరు జిల్లా అరగొండ పల్లెలో దూరవైద్య కేంద్రము ప్రారంభమైనది. దానికి ప్రారంభోత్సవము చేసినది ఆనాటి అమెరికా అధ్యక్షుడు క్లింటను. ఆనాడది వింత. 2020లో కరోనా వచ్చి ఈ-సంజీవని ద్వారా ఇంటినుండియే డాక్టరుతో మాటలాడు ఏర్పాటును సామాన్యము చేసినది. వ్రేలికి తగిలించు ఆక్సిజను యంత్రము పేరు కూడ మన ముసలివారికి ఆ దినములలోనే నోటికి వచ్చినది.

ఇప్పుడు బి.పి. యంత్రము తన అంకెను తానే ఫోనుకు పంపును. భుజమునకు అంటించు చిన్న బిళ్ళ చర్మము క్రింది నీటిలోని చక్కెరను కొద్ది నిమిషములకొకసారి కొలిచి పంపును. రెండు వారములకు మార్చవలెను, వెల వేలలో నుండును. ఇన్సులిను వాడు వారికి రాత్రి నిద్రలో షుగరు 70కి దిగిపోయినచో అది మ్రోగి లేపును. ఇది చిన్న మేలు కాదు.

అయితే అంకె పోయినంత మాత్రమున రోగి బాగుపడునా? రెండు పరీక్షలను మీ ముందుంచెదము. 2010లో అమెరికాలో ప్రకటించిన దానిలో 1,653 మంది గుండె బలహీనులను తీసికొని, వారిలో సగము మందిని ప్రతిదినము ఒక నంబరుకు ఫోను చేసి యంత్రమునకు తమ బరువు, ఆయాసము చెప్పుమన్నారు. ఆరు నెలలకు మరణములు గాని ఆసుపత్రి చేరికలు గాని తగ్గలేదు. సుమారు ఏడవవంతు మంది ఒక్కసారియైనను ఫోను చేయలేదు. 2018లో జర్మనీవారు ప్రకటించిన దానిలో 1,571 మంది. అందును సగము మంది ఇంటినుండి ప్రతిదినము బరువు, బి.పి., గుండె రేఖలు పంపగా, బెర్లినులో రాత్రింబవళ్ళు నర్సులు, డాక్టర్లు కూర్చుండి చూచినారు; తేడా వచ్చినచో వారే రోగికి ఫోను చేసినారు. సంవత్సరమునకు నూటికి పదకొండుగా నున్న మరణములు ఎనిమిదికి దిగినవి. రెండు చోట్లను రోగులు ఒక్క తీరువారే అని మేమనము. కాని ఆ రెండవచోట అవతల రాత్రియు మేలుకొనియున్న మనిషి యొకడున్నాడు.

మన బస్తీలో ఒక తల్లికి కొడుకు అట్టి బి.పి. యంత్రము కొనిపెట్టినాడు. ఆమె ప్రతి ఉదయము కట్టుకొని మీట నొక్కును. అంకె కొడుకు ఫోనుకు పోవును. కొడుకుది రాత్రి డ్యూటీ, ఉదయము పండుకొనును. నాలుగు దినములు వరుసగా 180 దాటినది. అయిదవనాడు ప్రక్కింటి సోదరి గమనించి అడుగగా మాత్రలు అయిపోయినవని బయటపడినది. మేము పోయి, “అమ్మా, కొడుకుతో చెప్పలేకపోయినారా?” అంటిమి. “పిల్లల ఫీజు కట్టిండు అయ్యగారూ, ఈ నెల ఎట్ల అడగాలె?” అన్నది. యంత్రము పోటును చెప్పినది గాని ఈ మాటను చెప్పలేదు. 2018 నుండి నగరములో నడుచుచున్న బస్తీ దవాఖానలలో బి.పి. మాత్రలు ఉచితముగ ఇత్తురని ఆమె ఎరుగదు. ఇప్పుడు అక్కడనే తెచ్చుకొనుచున్నది.

అందుచేత యంత్రము కొనిపెట్టు కుమారులారా, కుమార్తెలారా, అంకె ఎవరి ఫోనుకు పోవునో, వారు మేలుకొనియుండు వేళ ఏదో ముందు నిశ్చయించుకొనుడి. ఎంత దాటినచో ఎవరికి ఫోను చేయవలెనో డాక్టరుచేత వ్రాయించి గోడకు అంటించుడి. కొలుచుటకు ముందు అయిదు నిమిషములు ఊరక కూర్చుండవలెను, చేయి గుండె ఎత్తున బల్లపై నుండవలెను. టీ త్రాగి, మెట్లెక్కి వచ్చి కొలిచిన అంకెను నమ్మరాదు. సూది గ్రుచ్చకుండ షుగరు చెప్పునని అమ్ము గడియారములను, ఉంగరములను నమ్మవద్దని 2024లో అమెరికా మందుల శాఖ హెచ్చరించినది. ఇట్టి గడియారమును నమ్మి ఇన్సులిను మోతాదు మార్చుట ప్రాణాపాయము.

ఒక్క సంగతి చెప్పి కూర్చుందుము. మన ప్రార్థన గ్రూపులో ఒక యువతి షుగరు రిపోర్టును, పేరుతో సహా, మంచి మనస్సుతోనే ఎవరో పెట్టినారు. ఆ అమ్మాయికి అప్పుడు సంబంధములు చూచుచున్నారు. గ్రూపులో నున్నది మన సంఘమువారే గదా అనుకొందుము. ఆ ఫోటో మూడు దినములలో వరుని ఇంటికి చేరినది. ప్రార్థనకు పేరు చాలును, అదియు వారినడిగి పెట్టుడి. రిపోర్టుల ఫోటోలు మీ ఫోనులలో ఎవరివైన ఉన్నచో ఈ రాత్రియే తీసివేయుడి.